అంగుళం పెరిగిన చక్రం

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు ఆషాఢంలో నాకు ఒక జట్కా బండి కొనే పని అప్పజెప్పారు. అప్పటికి నేను గాజువాక ఆటోనగర్ పక్కన ఒక ఉక్కు ఫౌండ్రీలో డిప్యూటీ మేనేజర్ని, ప్యాటర్న్ షాపు ఇన్‌చార్జిని. రిటైర్మెంటుకి ఏడాది కూడా లేదు. మాది కోనసీమ. డిప్లొమా అయ్యాక ఈ ఊరొచ్చి అదే షాపులో సూపర్‌వైజరుగా చేరి అక్కడే జుట్టు నెరిపించుకున్నాను. గుర్రాల గురించి గానీ బండ్ల గురించి గానీ నాకు తెలిసింది సున్నా.

ప్యాటర్న్ షాపు అంటే ఏమిటని బంధువులు ఇప్పటికీ అడుగుతుంటారు. బట్టల డిజైన్లు అనుకునేవాళ్లు కూడా ఉన్నారు, ఏం చేస్తాం. పోర్టు క్రేను చక్రమో, రోలింగు మిల్లు గేరు పెట్టో ఉక్కుతో పోతపోయాలంటే ముందు దాని ఆకారం చెక్కలో తయారు కావాలి. ఆ చెక్క ఆకారాన్ని ఇసుకలో అదిమి జాగ్రత్తగా పైకి తీస్తే ఇసుకలో ఖాళీ మిగులుతుంది. కరిగిన ఉక్కు ఆ ఖాళీలోకి పోస్తారు. ఆ చెక్క ఆకారమే ప్యాటర్ను. చేసేవాడు వడ్రంగే గానీ మామూలు వడ్రంగి కాదు.

ఎందుకు కాదంటే, ఉక్కు చల్లారేటప్పుడు కుదించుకుపోతుంది. అడుగుకి పావంగుళం చొప్పున తగ్గుతుందని మా లెక్క. అందుకని చెక్కని ముందే ఆ మేరకు పెద్దదిగా చెయ్యాలి. ప్రతి కొలతకీ కూర్చుని గుణకారాలు వేస్తే ఎక్కడో ఒకచోట తప్పుతుంది కనక, దానికి వేరే స్కేలే ఉంటుంది. దాని మీద పన్నెండు అంగుళాలని చెక్కి ఉన్నచోట నిజానికి పన్నెండుంపావు ఉంటుంది. పుస్తకాల్లో దాన్ని కంట్రాక్షన్ స్కేలు అంటారు. మావాళ్లు దొంగ స్కేలు అనేవారు. డ్రాయింగులో ఉన్న అంకెని దొంగ స్కేలు మీద చూసి కోసేస్తే చాలు, పెంచాల్సింది అదే పెరుగుతుంది. ఈ రెండు రకాల స్కేళ్లు కలిసిపోతే కొంప మునుగుతుంది గనక మామూలు స్కేలు గానీ టేపు గానీ మా గుమ్మం దాటి లోపలికి రాకూడదని కట్టడి చేశాను. టేపు జేబులో పెట్టుకొచ్చినవాడికి మెమో ఇచ్చిన రోజులున్నాయి.

ఇక బండి సంగతి. కంపెనీకి యాభై ఏళ్లు నిండబోతున్నాయి. పెట్టిన పెద్దాయన పోయి, కొడుకు ఎండీగా వచ్చాడు. ముప్పై అయిదు దాటని మనిషి, మర్యాదస్తుడు, గొంతు పెంచడం ఎరగడు. నన్ను పిలిచి రెండు విషయాలు చెప్పాడు. మొదటిది, ఉగాది నుంచి ప్యాటర్నులన్నీ బయట కంప్యూటరు మిషన్ల మీద చేయిస్తారు, మా షాపు మూసేస్తారు. రెండోది, వాళ్ల నాన్నగారు ఈ ఊళ్లో మొదటిసారి రైలు దిగినప్పుడు జట్కా ఎక్కి వన్‌టౌన్ వెళ్లారట. ఉత్సవం నాటికి అలాంటి పాత జట్కా ఒకటి కొని, బాగుచేసి, ఆఫీసు ముందు హాల్లో పెట్టాలి. మీ దగ్గర వడ్రంగులు ఖాళీగానే ఉన్నారుగా అన్నాడు. షాపులో మిగిలినవాళ్ల మాటేమిటని అడిగాను.

"ముందు బండి చెయ్యండి మూర్తి గారూ. మీవాళ్లు ప్యాటర్న్స్ తప్ప వేరే పని కూడా చెయ్యగలరని చూపిస్తే, వుడ్ వర్క్ సెక్షన్ అని ఒకటి ఉంచే విషయం ఆలోచిద్దాం" అన్నాడు.

ఆలోచిద్దాం అనేది మాట ఇవ్వడం కాదని ముప్పై అయిదేళ్లకి పైగా ఉద్యోగం చేసినవాడికి తెలియదా? తెలుసు. అయినా పట్టుకున్నాను, ఎందుకంటే అప్పలరాజు ఉన్నాడు.

షాపులో అప్పటికి మిగిలింది నలుగురు. ముగ్గురు ఎప్పుడు సెటిల్‌మెంటు ఇస్తే అప్పుడు పోదామని చూస్తున్నారు. నాలుగోవాడు అప్పలరాజు, లీడింగ్ హ్యాండు, అంటే మేస్త్రీ కింద లెక్క. ఊరు సింహాచలం కొండ కింద. యాభై రెండేళ్లు. వాళ్లావిడ సన్యాసమ్మకి రెండు కిడ్నీలూ పోయి వారానికి రెండుసార్లు డయాలసిస్ జరుగుతోంది. కంపెనీ రోల్సులో అతని పేరున్నంతకాలమే ఆస్పత్రి కార్డు పనిచేస్తుంది. పేరు పోయిననాడు కార్డు పోతుంది. సెటిల్‌మెంటు ఎంతిచ్చినా ఆ వైద్యానికి ఏ మూలకీ చాలదు. షాపు మూసేస్తారని తెలిసిన రోజు అతను నన్ను వేరే ఏమీ అడగలేదు. "కార్డు ఏటవుద్ది సార్?" అన్నాడు. నాకు తెలియదన్నాను. తెలిసినా చెప్పలేకపోయేవాణ్ణి.

బండి దొరకడం సులువే అయింది. కొనడమే గండం. వన్‌టౌన్‌లో మసీదు వెనక సందులో ఖాదర్ బాషా అని ఆటోలకీ బళ్లకీ రెక్సిన్ సీట్లు కుట్టే ఆయన ఉన్నాడు. వాళ్ల నాన్న స్టేషను దగ్గర జట్కా తోలేవాడు. బండి ఇంటి వెనక రేకుల కింద పడి ఉంది. ఒక చక్రం నిక్షేపంగా ఉంది. రెండోది ఆకులు, అంటే స్పోకులు, ఊడి, చుట్టూ ఉండే వంపు చెక్కలు పుచ్చిపోయి కుప్పగా కూలింది. దాని ఇనుప పట్టా మాత్రం పక్కన గోడకి చేరేసి ఉంది, మంచి బరువైన పాతకాలం పట్టా. అడుగు పలకలకి చెద. సముద్రపు గాలికి బండి కింది స్ప్రింగు కమాన్లు తుప్పు దేరి పొరలు పొరలుగా లేచాయి. ఒక ఇత్తడి దీపం మిగిలింది, రెండోది లేదు.

ధర దగ్గర ఖాదర్ బాషా పేచీ పెట్టలేదు. పేచీ పెట్టింది మా పర్చేజ్ సెక్షను. ఏ వస్తువు కొన్నా మూడు కొటేషన్లు ఉండాలని రూలు. పాత జట్కాకి మూడు కొటేషన్లు ఎక్కణ్ణుంచి తెచ్చేది? ఈ సంగతి చెప్పి ఆయన ముందు తలపట్టుకుంటే ఆయన పడీపడీ నవ్వాడు.

"దానికేటుంది సాబ్! నా పేరన ఒకటి, మా తమ్ముడి పేరన ఒకటి రాసిచ్చీమంటారా? మూడోది మా గుర్రం పేరనెట్టండి. సచ్చిపోయి సానా కాలమైందనుకోండి, అయినా మా సందులో దాని మాటకి ఇప్పటికీ గౌరవముంది."

చివరికి ఇది ఒక్కచోటే దొరికే వస్తువని నేను సంతకం పెట్టి నోటు రాస్తే, అది నాలుగు బల్లలు తిరిగి, నెలన్నరకి బండి లారీ ఎక్కింది. ఆ నెలన్నరలో నేను పర్చేజ్ గుమ్మం తొక్కినన్నిసార్లు గుడి గుమ్మం తొక్కి ఉంటే పుణ్యమైనా దక్కేది.

ఎలమంచిలి చుట్టుపక్కల ఎడ్లబండి చక్రాలు చేసేవాళ్లు ఇంకా ఉన్నారు, విరిగిన చక్రం వాళ్లకిద్దామని నేనన్నాను. అప్పలరాజు ఒప్పుకోలేదు. "ఏటి సార్, ఇన్ని క్రేను సక్రాలకి ప్యాటర్న్లు సేసినోలం. ఒక్క బండి సక్రానికి ఊరోల్ని పిలుత్తే ఎండీ గారు ఏటనుకుంటారు?" అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది. మా చేతుల్ని చూపించుకోవాల్సిన పని అది. బయటివాళ్ల చేత చేయిస్తే చూపించుకునేదేముంది?

ఫౌండ్రీలో డ్రాయింగు లేకుండా పని మొదలుపెట్టకూడదు. డిజైన్ సెక్షను నుంచి ఒకమ్మాయి వచ్చి, మా గుమ్మం బయటే బాగున్న చక్రాన్ని తన టేపుతో కొలుచుకుని వెళ్లింది. నాలుగో రోజుకి శుభ్రమైన డ్రాయింగు వచ్చింది, సంతకాలతో సహా. బాగున్న చక్రాన్ని పాత రంగు గీకించడానికి పెయింట్ షాపుకి పంపించాం. బండి పెట్టెని దిమ్మల మీద ఎత్తి నిలబెట్టాం. అప్పలరాజు డ్రాయింగు బల్ల మీద పరుచుకుని, నాలుగు మూలలా మేకులు పెట్టి, పని మొదలెట్టాడు.

అతను పనిచేస్తుంటే చూడటం నాకు అలవాటైపోయిన సుఖం. మధ్య దిమ్మకి మద్ది, ఆకులకీ అంచు చెక్కలకీ నల్లతుమ్మ తెప్పించాను. ఒక్కో ఆకు దిమ్మలోకి దిగుతుంటే కాయితం కూడా దూరేంత సందు లేదు. అంచు చెక్కల మధ్య మాత్రం సన్నని సందులు వదిలాడు, పట్టా బిగిసినప్పుడు అవి మూసుకుంటాయి. చక్రం పూర్తయ్యాక రూలు ప్రకారం నేను చెక్ చేశాను. డ్రాయింగు ఎడమచేత్తో పట్టుకుని, షాపు స్కేలు కుడిచేత్తో పట్టుకుని, ప్రతి కొలతా చూశాను. వెంట్రుకవాసి తేడా లేదు. ఓకే అని సుద్దతో రాసి సంతకం పెట్టాను.

పట్టా ఎక్కించే రోజు ఎండీ గారు స్వయంగా వచ్చాడు. ఉత్సవానికి వేసే వీడియోలో ఉంటుందని ఫోను పట్టుకుని నిలబడ్డాడు. ఇనుప పట్టాని కాల్చితే సాగుతుంది. ఎర్రగా ఉన్నప్పుడే చెక్క చక్రం మీదికి దించి నీళ్లు కొడితే బిగుసుకుని మొత్తం చక్రాన్ని ఒక్కటిగా పట్టేస్తుంది. చక్రాన్ని నేల మీద వెల్లకిలా పరిచాం. పట్టాని హీట్ ట్రీట్‌మెంట్ కొలిమిలో కాల్చి, క్రేనుకి మూడు కొక్కేలు తగిలించి తెచ్చి, నెమ్మదిగా దించాం.

దిగలేదు. చక్రం అంచు మీద కూర్చుంది. గుప్పుమని పొగ లేచింది. సుత్తులతో చుట్టూ కొట్టారు. ఒక పక్క దిగినట్టే దిగి రెండో పక్క లేచింది. నల్లతుమ్మ భగ్గుమంది. "ఎత్తీండ్రా, ఎత్తీండి!" అని అప్పలరాజు అరిచాడు. పట్టా పైకి లేచేసరికి అంచంతా నల్లగా బొగ్గయింది. బకెట్లతో నీళ్లు పోశారు. అలవాటులేని ఔపాసన చేస్తే మీసాలు తెగకాలాయని మా అమ్మ అంటుండేది. సరిగ్గా అలాగే అయింది మా పని.

ఎండీ గారు ఫోను దించాడు. పట్టా చిన్నదా అని అడిగాడు. పాతది కదా, వంగిపోయి ఉంటుందని నేను ఏదో అనబోయాను. అప్పలరాజు పొగలో నుంచున్నాడు. డ్రాయింగు వంక చూశాడు, బల్లమీదున్న స్కేలు వంక చూశాడు. అంతే, మొహం మాడిపోయింది. నాకూ ఆ క్షణంలోనే వెలిగింది. చెక్క చక్రం చల్లారదు. చెక్క చక్రం కుదించుకోదు. నాలుగడుగుల చక్రం నిండా అంగుళం పెరిగి కూర్చుంది. అదే స్కేలుతో నేను చెక్ చేశాను గనక నాకు అన్నీ సరిగ్గానే కనిపించాయి.

నేను నోరు తెరిచేలోపలే అతను చెప్పేశాడు. "పట్టాది కాదు బాబూ తప్పు. మన స్కేలుతో కోసీసినాను. నాదే."

ఎండీ గారికి సగమే అర్థమైతే మిగతా సగం నేను వివరించాను. నా సంతకం కూడా చూపించాను. ఆయన కోప్పడలేదు, కోప్పడినా బాగుండేది. "ఇదే నేను చెప్తున్నది మూర్తి గారూ. మీ షాపుకి ఆ ఒక్క అంగుళమే తెలుసు" అని వెళ్లిపోయాడు. అక్కడున్న క్రేను ఆపరేటరు కుర్రాడు నవ్వాపుకోలేక బయటికి పరిగెత్తాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లుగా ఏ అలవాటు తప్పితే మెమో ఇచ్చానో, ఆ అలవాటు తప్పనందుకే ఇవాళ నవ్వులపాలయ్యాం.

మర్నాడు ఆయన గదికి వెళ్లాను. షాపు ఉంచమని అడగడానికే వెళ్లాను. ఆయన ఎదురుగా కూర్చున్నాక ఆ మాట ఎత్తలేకపోయాను. ఏ మొహం పెట్టుకుని అడుగుతాను? నల్లగా కాలిన చక్రం అద్దాల కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. అందుకని ఒక మెట్టు దిగి అడిగాను. షాపు మూస్తే మూయండి, అప్పలరాజు పేరు మాత్రం రోల్సులో ఉంచండి, ఏ పనైనా ఇవ్వండి అన్నాను. సన్యాసమ్మ సంగతి చెప్పాను. కార్డు సంగతి చెప్పాను. ఆయన ఉత్సవం తేదీ చూసుకున్నాడు. బండి అనుకున్న రోజుకి నిలబడితే అప్పలరాజుని ఉంచుతానన్నాడు. ఈసారి ఆలోచిద్దాం అనలేదు, ఉంచుతాననే అన్నాడు.

గాజువాక బజారులో మామూలు స్టీలు టేపు కొని షాపులోకి నేనే తీసుకెళ్లాను, నా కట్టడి నేనే మీరి. అప్పలరాజు దాన్ని తీసుకుని బల్లమీద పెట్టాడు గానీ ముట్టుకోలేదు.

"నాకు దీని మీద నమ్మకం నేదు సార్. నా సెయ్యి మీదా నేదు. ఆ మంచి సక్రం ఇలగ తెప్పించండి. కొలతే వద్దు" అన్నాడు.

పెయింట్ షాపు నుంచి మంచి చక్రాన్ని దొర్లించుకొచ్చారు. దాన్ని ప్లైవుడ్ పలక మీద పడుకోబెట్టి చుట్టూ పెన్సిలు తిప్పాడు, పట్టా మందమంత చెక్కముక్క ఆనించి లోపలగా ఇంకో గీత గీశాడు. ఆ గీత మీదే చెక్కలు కోశాడు. ఒక్క అంకె కూడా చదవలేదు. డయాలసిస్ రోజుల్లో మధ్యాహ్నం వెళ్లి, సన్యాసమ్మని ఆస్పత్రి మంచం మీద దించి, మళ్లీ వచ్చేవాడు. మాట తగ్గిపోయింది. టీ తాగుతూ కూడా చక్రం వంకే చూసేవాడు. రెండోసారి చేసిన చక్రం మీదికి ఎర్రని పట్టా దించినప్పుడు అది ద్వారబంధంలో తలుపు పడ్డట్టు చక్కగా పడింది. నీళ్లు కొట్టగానే చెక్కల సందులు టకటకమంటూ ఒక్కొక్కటే మూసుకున్నాయి. ఆ చప్పుడు విని నేను సిగ్గులేకుండా చప్పట్లు కొట్టాను. ఎండీ గారు ఆ రోజు ఊళ్లో లేడు.

సీట్లు ఖాదర్ బాషాయే కుట్టాడు, ఎర్ర రెక్సిన్‌తో. బీచ్‌లో పిల్లల్ని ఎక్కించుకునే తెలిసినవాడి పొట్టిగుర్రాన్ని తెచ్చి కట్టించాడు. మా యార్డులో రెండు చుట్లు తిప్పాడు. నన్ను వెనక కూర్చోబెట్టి, ముందుకి జరగమని, మళ్లీ కాస్త వెనక్కి పొమ్మని, గుర్రం మెడ మీద బరువు పడకుండా సర్దాడు. బండి ఏ పక్కకీ ఒరగలేదు. దిగాక చక్రం మీద చెయ్యేసి, "ఇది నడిసే బండి సాబ్. హాల్లో ఎట్టీసి ఏటి సేత్తారు?" అన్నాడు.

హాల్లో పెట్టాక, పిల్లలు ఎక్కి దొర్లిస్తారేమోనని సేఫ్టీ సెక్షను అభ్యంతరం చెప్పింది. చక్రాలకి ఇనుప బిగింపులు వేసి గ్రానైటు నేలకి బోల్టు చెయ్యమని రాసింది. ఆ బోల్టులు అప్పలరాజే బిగించాడు. వేరేవాళ్లకి ఇస్తే రంగు గీకేస్తారని అతని భయం. ఉత్సవం బాగా జరిగింది. ఎండీ గారు బండిలో కూర్చుని ఫోటో దిగాడు. ప్యాటర్న్ షాపు ఉగాదికి మూశారు. ముగ్గురు సెటిల్‌మెంటు తీసుకుని వెళ్లిపోయారు. మా స్కేళ్లన్నీ స్టోర్సుకి అప్పజెప్పాం. అప్పలరాజు పేరు రోల్సులో ఉంది. ఎండీ గారు మాట తప్పే మనిషి కాదు.

నేను రిటైరయ్యాక ఏదో పాత సర్టిఫికెట్టు కోసం మొన్న ఒకసారి కంపెనీకి వెళ్లాల్సివచ్చింది. హాల్లో అప్పలరాజు ఉన్నాడు. ఇస్త్రీ చేసిన నీలం యూనిఫారం, జేబు మీద పేరు, చేతిలో మెత్తటి పసుపు గుడ్డ. అతని డ్యూటీ ఆ బండిని తుడవడం, వచ్చినవాళ్లని ముట్టుకోవద్దని చెప్పడం. సన్యాసమ్మ ఎలా ఉందని అడిగాను. నిన్ననే డయాలసిస్ అయిందనీ, ఇంట్లో నాలుగడుగులు వేస్తోందనీ, కార్డుకి ఏ ఇబ్బందీ లేదనీ చెప్పాడు. నీకెలా ఉందయ్యా అని అడిగాను. అతను అటూ ఇటూ చూసి, మెల్లగా, "జీతం వత్తంది సార్. మీ దయ. పనే నేదు" అన్నాడు. అంతలో లిఫ్టు దగ్గర ఎవరో వస్తున్నట్టుంటే గుడ్డ తీసుకుని అప్పటికే మెరుస్తున్న చక్రాన్ని తుడవడం మొదలెట్టాడు.

ఈ ఉదంతంలో నేను నేర్చుకున్నది చిన్నదే. ఉద్యోగం నిలబెట్టడం వేరు, పని నిలబెట్టడం వేరు. రెండూ ఒకటేనని నేను జీవితమంతా అనుకున్నాను. ఆ రోజు ఆ గదిలో నేను అడగగలిగింది ఉద్యోగమే, దొరికిందీ అదే. రేపు మళ్లీ అక్కడ కూర్చోవాల్సివచ్చినా అదే అడుగుతాను, ఎందుకంటే సన్యాసమ్మ బతికి ఉంది. కాకపోతే అప్పలరాజుకి మేలు చేశానని మాత్రం ఎవరి దగ్గరా చెప్పుకోను.